ముద్ర ఎవరి చేతిలో?

వకీలు: మానవ హక్కుల కోర్టు అనగానే జనం జడ్జీల పేర్లే అడుగుతారు. రిజిస్ట్రార్ ఎవరని అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నన్నడిగితే ముందు తెలుసుకోవాల్సింది ఆ పేరే. దరఖాస్తు జడ్జి బల్ల దాకా పోతుందా, గుమ్మం దగ్గరే ఆగుతుందా అన్నది సగం రిజిస్ట్రార్ గదిలోనే తేలిపోతుంది. ఎవరూ ఎరగని ఉద్యోగి చేతిలో అంత అధికారం ఉండకూడదంటాను.

శిరస్తాదారు: బీదర్ కోర్టు కచేరిలో మిసళ్ల మధ్య, అంటే కేసు ఫైళ్ల మధ్య, బతుకంతా గడిపినవాణ్ణి, వకీలు సాబ్. నా అనుభవం వేరే మాట చెబుతుంది. ఆ అధికారం ఇవ్వకపోతే అది కోర్టుగా మిగలదు, కాగితాల గోదాం అవుతుంది. స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల కోర్టునే చూడండి. 2011లో అక్కడ పెండింగ్ దరఖాస్తులు లక్షన్నర దాటాయి. జడ్జీలు దేశానికొకరు చొప్పున అప్పుడు 47 మంది. పంచుకుంటే తలా మూడు వేల పైచిలుకు. ఒక్క జడ్జి రోజుకు ఎన్ని చదవగలడు? చదివినా అందులో నూటికి తొంభై చెల్లనివే. ఆ తొంభైలో మునిగిపోతే మిగతా పదిమందికి న్యాయం ఎప్పుడు?

వకీలు: ఆ గుట్ట ఎలా కరిగిందో కూడా మీరే చెప్పండి.

శిరస్తాదారు: చెప్తాను, అందులో దాచేదేముంది. 2010 జూన్‌లో 14వ ప్రోటోకాల్ అమల్లోకి వచ్చింది. అంతకుముందు చెల్లదని తేటతెల్లంగా తెలుస్తున్న దరఖాస్తును కొట్టేయాలన్నా ముగ్గురు జడ్జీలు కూడాలి. ఆ తర్వాత ఒక్కరు చాలన్నారు. ఆ ఒక్కరికి సాయంగా రిజిస్ట్రీ లాయర్లను పెట్టారు. వాళ్లు మిసల్ చదువుతారు, నోట్ రాస్తారు, జడ్జి చూసి నిర్ణయిస్తాడు. 2017 చివరికల్లా పెండింగ్ అరవై వేల లోపుకు దిగింది. కొత్త జడ్జీలను తెచ్చి దించింది కాదు, కచేరి పని తీరు మార్చి దించింది.

వకీలు: ఒకటి వదిలేశారు. అలా ఒంటరిగా కూర్చునే జడ్జి తన దేశం మీద వచ్చిన దరఖాస్తు చూడకూడదని ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. పోలండ్ మీద వచ్చిన దరఖాస్తును పోలండ్ జడ్జి ముట్టుకోడు, ఇంకో దేశం జడ్జి చూస్తాడు. దరఖాస్తు మాత్రం పోలిష్‌లో ఉండవచ్చు. మొదటి దశలో సభ్య దేశాల అధికార భాషల్లో దేనిలోనైనా రాసుకోవచ్చు కదా. ఇక లెక్క చూడండి. భాష వచ్చినవాడు సంతకం పెట్టడు. సంతకం పెట్టేవాడికి ఆ భాష రాకపోవచ్చు. ఆ రిజిస్ట్రీ లాయరు రాసిన నాలుగు ముక్కలే జడ్జికి కళ్లు. అప్పుడు తీర్పు ఎవరిది?

శిరస్తాదారు: తన దేశం మీద పక్షపాతం చూపకూడదనే ఆ నియమం పెట్టారు. అది తప్పంటారా?

వకీలు: అనను. నియమం మంచిదే. దాన్నుంచి పుట్టిన అధికారం ఎవరి చేతికి పోయిందో చూడమంటున్నాను.

శిరస్తాదారు: అయితే మన ఊరి సంగతే అనుకుందాం. నిజాం కాలంలో బీదర్ కచేరీ భాష ఉర్దూ. వచ్చేవాడిది కన్నడం, తెలుగు, లేదా మరాఠీ. ఔరాద్ రైతు గోడు ఉర్దూలోకి మార్చి చదివి వినిపించే మున్షీ లేకపోతే మున్సిఫ్‌కి చెవులున్నా వినపడనట్టే. ఆ మున్షీ దొంగయితే రైతు మునిగేవాడు, నిజమే. అసలు మున్షీయే లేకపోతే? కోర్టు మెట్లెక్కేవాడే కాదు. మధ్యలో మనిషి ఉన్నాడని భయపడితే, మధ్యలో మనిషి లేని కోర్టు ఎక్కడుందో చూపించండి.

వకీలు: మీరు మున్షీ అన్నారు, నాకు మహమూద్ గవాన్ గుర్తొచ్చాడు. 1472లో ఆయన కట్టించిన మదర్సా ముందు నుంచి మీరూ నేనూ ఎన్నిసార్లు నడిచామో. బహమనీ రాజ్యానికి అంతటి వజీరు. ఆయన ముద్రలు చూసుకునేవాణ్ణి శత్రువులు లోబరుచుకున్నారు. ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకుని, ఒడిశా రాజును దండెత్తి రమ్మని పిలిచినట్టు దాని మీద దొంగ ఉత్తరం రాశారు. 1481 ఏప్రిల్‌లో మన కొండపల్లి దగ్గర విడిదిలో సుల్తాను ఆయన తల తీయించాడు. ఆ వజీరు ఒక గుమాస్తా చేతి ముద్రకు పోయాడు. ముద్ర పట్టుకున్నవాడి చేతిలో ఏం ఉంటుందో తెలియాలంటే స్ట్రాస్‌బర్గ్ పోనక్కర్లేదు.

శిరస్తాదారు: కథ బాగా ఎత్తుకున్నారు, అర్థం మాత్రం సగమే తీశారు. ఆ ముద్ర పట్టుకున్నవాడు ఎవడు? హోదా లేనివాడు, భద్రత లేనివాడు, ఎవరి దయ మీదో బతికేవాడు. అలాంటివాణ్ణి కొనడం తేలిక. వాడికే ఒక పదవి, ఒక గడువు, తీసేయాలంటే ఒక పద్ధతి ఉండుంటే అంత తేలికగా అమ్ముడుపోయేవాడా? నేననేది అదే. ముద్ర పట్టుకునే చేతిని బలహీనం చేస్తే ముద్ర భద్రంగా ఉండదు. ఇంకో మాట కూడా ఉంది. గవాన్‌ను చంపింది ముద్ర ఒక్కటే కాదు. ఆ కాగితం చూడగానే సుల్తాను విచారణ లేకుండా ఫైసలా చేశాడు. తప్పు గుమాస్తాదీ, పైన కూర్చున్నవాడిదీ.

వకీలు: ఆ రెండో మాట ఒప్పుకుంటాను. సరే, బలమైన చేయి కావాలన్నారు. ఆ చేతిని ఎవరు ఎన్నుకోవాలి?

శిరస్తాదారు: జడ్జీలే. స్ట్రాస్‌బర్గ్‌లో జడ్జీలందరూ కూడి రిజిస్ట్రార్‌ను ఎన్నుకుంటారు. ఐదేళ్ల గడువు, మళ్లీ ఎన్నుకోవచ్చు. ఉన్నత నడవడి, చట్టం తెలిసి ఉండటం, కచేరి నడిపిన అనుభవం, భాషలు రావటం, ఈ నాలుగూ కావాలని వాళ్ల నియమం. కోస్టారికాలోని శాన్ హోసేలో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టుదీ అదే దారి, అక్కడ ఆ పదవిని సెక్రటరీ అంటారు. ఆఫ్రికా కోర్టు టాంజానియాలోని అరూషాలో ఉంది. దాన్ని పుట్టించిన ఒప్పందం కూడా రిజిస్ట్రార్‌ను కోర్టే నియమించుకోవాలంటుంది. అరూషాలో 11 మంది జడ్జీలుంటే అధ్యక్షుడొక్కడే పూర్తి కాలం అక్కడుంటాడు. మిగతా పదిమంది సమావేశాలకు వచ్చి పోతారు. వాళ్లు లేని రోజుల్లో దరఖాస్తు తీసుకునేదెవరు? ప్రభుత్వానికి నోటీసు పంపేదెవరు? ప్రాణం మీదికొచ్చిన ఖైదీ గురించి జడ్జీలను కదిలించేదెవరు? ఆ కచేరి నిలబడితేనే ఆ కోర్టు నిలబడేది.

వకీలు: అది నిజమే. ఆ నిజంలోనే నా భయం కూడా ఉంది. శాన్ హోసేలో ఏడుగురు జడ్జీలు, ఆరేళ్ల గడువు, ఇంకోసారి ఎన్నిక కావచ్చు. సెక్రటరీగా పాబ్లో సావేద్రా 2004లో వచ్చారు, ఇరవై ఏళ్లు దాటాయి. ఆయన్ని తప్పుపట్టడం లేదు. కోర్టు జ్ఞాపకమంతా ఒక్క మనిషిలో పోగైతే, కొత్తగా వచ్చిన జడ్జి ఆయన్నే అడిగి అడుగు వేయాలి. పెళ్లివారు మారుతుంటారు, వంట మాత్రం ఒకరిదే. కొన్నాళ్లకు రుచి ఎవరిదవుతుంది?

శిరస్తాదారు: ఆ రుచి వల్లే పదేళ్ల కిందటి తీర్పుకీ నేటి తీర్పుకీ పొంతన ఉంటుంది. లేకపోతే కొత్త జడ్జి వచ్చినప్పుడల్లా కొత్త చట్టమే. రిజిస్ట్రార్‌లు చట్టం తెలియని గుమాస్తాలని కూడా అనుకోకండి. పాల్ మహోనీ 2001 నుంచి 2005 దాకా స్ట్రాస్‌బర్గ్ రిజిస్ట్రార్. 2012లో అదే కోర్టుకు జడ్జిగా ఎన్నికయ్యారు. ఆ కుర్చీకీ ఈ కుర్చీకీ మధ్య దూరం మీరనుకున్నంత లేదు.

వకీలు: దూరం లేకపోతే జడ్జికి పెట్టే కట్టుబాట్లే ఆయనకూ పెట్టాలి కదా! జడ్జి కారణం రాయకుండా కొట్టేస్తే తప్పంటాం. 2014 జనవరి నుంచి స్ట్రాస్‌బర్గ్‌లో ఒక నియమం ఉంది. ఫారం పూర్తిగా నింపకపోయినా, జతచేయాల్సిన కాగితం ఒకటి తగ్గినా, ఆ దరఖాస్తు జడ్జి దగ్గరికే పోదు. కచేరీయే వెనక్కి పంపుతుంది. గడువు ముందు ఆరు నెలలుండేది, 2022 ఫిబ్రవరి నుంచి నాలుగు నెలలు చేశారు. వెనక్కి వచ్చిన ఫారం ఆ గడువును ఆపదు. సరిచేసి మళ్లీ పంపేలోగా తారీఖు దాటిపోతే ఆ మనిషి గోడు పుట్టనట్టే. జడ్జి కన్ను పడకుండానే అక్కడో ఫైసలా జరిగిపోయింది.

శిరస్తాదారు: వకీలు సాబ్, రోజూ ఆక్షేపణలు రాసి దావాలు వాపసు ఇచ్చిన చేయి ఇది. కోర్టు ఫీజు తక్కువ, వకాలత్తు మీద సంతకం లేదు, నకలు లేదు అని రాసిస్తే మీలాంటివాళ్లు నా మీద ఎంత విసుక్కునేవారో గుర్తుందా? అయినా రాశాను. సగం కాగితాలతో తీసుకుంటే నంబరు పడుతుంది, ఆ మీదట ఐదేళ్లు పేషీలు పడతాయి, చివరికి అదే సగం కాగితం చూపించి కొట్టేస్తారు. గుమ్మం దగ్గర కఠినంగా ఉండటం లోపల ఏళ్ల తరబడి తిప్పడం కన్నా దయ.

వకీలు: మీ ఆక్షేపణ చీటీలో రెండున్నాయి. తప్పేమిటో రాసేవారు, సరిచేసుకోవడానికి గడువిచ్చేవారు. నేనడిగేది ఆ రెండే. స్ట్రాస్‌బర్గ్‌లో ఒక్క జడ్జి కొట్టేసినప్పుడు 2017 దాకా పోయింది ఒక అచ్చు ఉత్తరం, మీ దరఖాస్తు చెల్లదు అని. ఎందుకో ఉండేది కాదు. ఆ తర్వాతే క్లుప్తంగానైనా కారణం రాయడం మొదలుపెట్టారు. అన్నేళ్లు కారణం తెలియకుండా ఎంతమంది ఊరుకున్నారో!

శిరస్తాదారు: కారణం రాయాలన్నది ఒప్పుకుంటాను. అందులో రెండో మాట లేదు. మీరు కూడా ఒకటి ఒప్పుకోవాలి. కారణం రాయడానికి మనుషులు కావాలి, మనుషులకు డబ్బు కావాలి. ఆ డబ్బు జడ్జి అడగడు, అడగకూడదు కూడా. ఫిర్యాదు ఎవరి మీదో ఆ ప్రభుత్వాల దగ్గరికే పోయి, మీ మీద విచారణకు మీరే బడ్జెట్ ఇవ్వండి అని అడగాల్సినవాడు రిజిస్ట్రార్. ఆ పని ఎంత ఇరుకో ఆలోచించండి. 2016లో రువాండా, 2019లో టాంజానియా, 2020లో బెనిన్, కోట్ దివ్వార్, వ్యక్తులు నేరుగా ఆఫ్రికా కోర్టుకు పోవచ్చన్న తమ ఒప్పుకోలు వెనక్కి తీసుకున్నాయి. టాంజానియా అంటే ఆ కోర్టుకు నీడ ఇచ్చిన దేశమే. ఆ నీడలోనే కూర్చుని మర్నాడు కూడా కోర్టు తలుపు తెరవాలి. అది చట్టం పుస్తకం ఒక్కటే చదివినవాడి వల్ల అయ్యే పని కాదు.

వకీలు: డబ్బు మాట ఎత్తారు కాబట్టి 2017 అక్టోబరు సంగతి చెప్తాను. ఉక్రెయిన్‌లో పింఛన్లు, జీతాల బకాయిలు ఇవ్వమని అక్కడి కోర్టులే చెప్పాయి, ప్రభుత్వం కట్టలేదు. జనం స్ట్రాస్‌బర్గ్‌కు వచ్చారు. బుర్మిచ్ కేసులో ఒక్క తీర్పుతో 12,143 దరఖాస్తులు జాబితా నుంచి తీసేశారు. ఇది అమలు సమస్య, తీర్పుల అమలు చూసే మంత్రుల కమిటీ చూసుకుంటుంది అన్నారు. 17 మంది జడ్జీల్లో ఏడుగురు ఒప్పుకోలేదు. నిర్వహణ బుద్ధి తీర్పులోకి చొరబడితే జరిగేది ఇదే. గుట్ట తగ్గుతుంది. గుట్ట కింద ఉన్న ముసలమ్మ పింఛను సంగతి మాత్రం అక్కడే ఉంటుంది.

శిరస్తాదారు: తీర్పు చెప్పింది జడ్జీలు, రిజిస్ట్రార్ కాదు.

వకీలు: సంతకం వాళ్లదే. ఆ ఆలోచన ఏ గదిలో పుట్టిందో నాకు తెలియదు, మీకూ తెలియదు. నా బాధ కూడా అదే.

శిరస్తాదారు: ఈ దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. ఒకే మాదిరి పన్నెండు వేల కేసుల్లో ఒకే తీర్పు పన్నెండు వేలసార్లు రాయడం కూడా న్యాయమేనా అన్నది నాకింకా తేలలేదు. సరే, మన దేశం సంగతికి వద్దాం.

వకీలు: వద్దాం. మన దగ్గర రెండున్నాయి. 1993 చట్టం కింద జాతీయ మానవ హక్కుల కమిషన్ ఉంది, జిల్లాకో మానవ హక్కుల కోర్టు పెట్టే వీలుంది. కమిషన్‌కు సెక్రటరీ జనరల్‌ను ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం, కార్యదర్శి హోదా ఉన్న అధికారిని. విచారణ చేసేది పోలీసు అధికారులు. 2019 సవరణ పాలన, ఆర్థిక అధికారాలు సెక్రటరీ జనరల్‌కు కట్టబెట్టింది, చైర్‌పర్సన్ అదుపులో అని ఒక మాట చేర్చి. ప్రపంచ దేశాల కమిషన్లకు గుర్తింపు ఇచ్చే సంఘం 2023లో ఒకసారి, 2024లో ఇంకోసారి మన కమిషన్ గుర్తింపును వాయిదా వేసింది. ముఖ్యమైన అభ్యంతరాల్లో ఈ రెండూ ఉన్నాయి. ప్రభుత్వం పంపిన అధికారి, పోలీసుల విచారణ.

శిరస్తాదారు: ఆ సంఘానికి మన కలెక్టరాఫీసు తెలియదు. కమిషన్ చేయగలిగేది సిఫారసు. దాని వెనక కార్యదర్శి హోదా అధికారి ఉంటే బీదర్ కలెక్టరు ఫైలు వెతికిస్తాడు, రిపోర్టు పంపుతాడు. ఎంత గొప్ప పండితుణ్ణి తెచ్చి కూర్చోబెట్టినా, అటువైపు ఫోనెత్తేవాడు లేకపోతే ఆయన ఉత్తరం ఇన్‌వార్డు నంబరుతో ఆగిపోతుంది. ప్రభుత్వాన్ని కదిలించాలంటే దాని కీళ్లు తెలిసినవాడు కావాలి.

వకీలు: కీళ్లు తెలిసినవాడే, కాదనను. డెప్యుటేషన్ అయ్యాక ఆయన తిరిగి చేరేది ఏ కొలువులో? రేపు ఎవరి కింద కూర్చోవాలో వాళ్లను ఈ రోజు ఎంత గట్టిగా నిలదీస్తాడు? లాకప్పులో మనిషి చనిపోతే పోలీసు మీద పోలీసే విచారణ చేస్తే, ఆ రిపోర్టు నిజమే అయినా చచ్చినవాడి తల్లి నమ్ముతుందా?

శిరస్తాదారు: నమ్మదు. నేనే అయినా నమ్మను. ఆ తల్లి నమ్మకం కూడా న్యాయంలో భాగమే, ఆ మాట కాదనలేను. అయితే కమిషన్ గుమ్మం చూడండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. బీదర్‌లో ఉన్న తెలుగువాడు తెలుగులోనే రాయవచ్చు. అంత వెడల్పు గుమ్మం స్ట్రాస్‌బర్గ్‌కు లేదు.

వకీలు: గుమ్మం వెడల్పే. వెంటనే లోపల జల్లెడ పట్టేవాడు వస్తాడు. ఏడాది దాటిన ఘటన చూడకూడదని చట్టం, సివిల్ తగాదా వద్దని, సర్వీసు విషయం వద్దని నిబంధనలు. ఏది తగాదా, ఏది హక్కు? బావిలో నీళ్లు తోడనివ్వలేదని ఒక దళిత కుటుంబం రాస్తే అది బావి తగాదానా? జల్లెడ కన్నం ఎంతో జల్లెడ పట్టేవాడి మనసును బట్టే ఉంటుంది.

శిరస్తాదారు: అందుకే ఆ చేతికి చట్టం తెలిసినవాడు కావాలి, కచేరి తెలిసినవాడూ కావాలి. ఇక్కడ మనిద్దరం ఒకే గట్టు మీదున్నాం. 2020 జనవరిలో మన ఊళ్లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఒక బడిలో పిల్లలు నాటకం వేశారు, రాజద్రోహం కేసు పెట్టారు. ఒక పిల్ల తల్లినీ ఒక టీచరమ్మనూ అరెస్టు చేశారు. ఫిబ్రవరి మధ్యలో బీదర్ సెషన్స్ కోర్టే బెయిలిచ్చింది. జైల్లో ఉన్న తల్లి మిసల్ ముందు పెట్టాలా, పొలం గట్టు మిసల్ ముందు పెట్టాలా అని వరుస చూసే కచేరి లేకపోతే రెండు వారాల్లో అది జరిగేదా? స్ట్రాస్‌బర్గ్‌లో 2009 నుంచి ప్రాణాపాయం, పిల్లల సంగతి ముందు అని వరుస పెట్టుకున్నారు. వరుస పెట్టడమే రిజిస్ట్రార్ విద్య.

వకీలు: బెయిలు రెండు వారాల్లో వచ్చింది. కేసు కొట్టేయించుకోవడానికి హైకోర్టు కలబురగి బెంచి దాకా పోయి 2023 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. మూడేళ్ల మీద ఐదు నెలలు. 2008కి ముందు అయితే ఆ హైకోర్టు కోసం 700 కిలోమీటర్ల బెంగళూరు దాకా పోవాల్సి వచ్చేది. యూనిఫారం వేసుకున్న పోలీసులు బడికొచ్చి పిల్లలను ప్రశ్నించడం తప్పని హైకోర్టే 2021లో చెప్పింది. మరి ఆ పిల్లలు తమ హక్కు పోయిందని జిల్లాలోనే అడగడానికి చట్టం పెట్టిన తలుపు ఏది? 1993 చట్టం 30వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సమ్మతితో ఒక సెషన్స్ కోర్టును మానవ హక్కుల కోర్టుగా పేర్కొనవచ్చంటుంది. 2015లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు ఆ సంగతి గుర్తుచేసింది. ఏ నేరాలు ఆ కోర్టువో మాత్రం చట్టం చెప్పలేదు.

శిరస్తాదారు: నేరాలు చెప్పకపోవడం పెద్ద లోపమే. నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఇంకోటి. పేరు పెడతారు, కచేరి ఇవ్వరు. అదే సెషన్స్ జడ్జి, అవే హత్య కేసులు, అదే గుమాస్తా. మానవ హక్కుల దరఖాస్తు అంటూ వస్తే ఏ రిజిస్టరులో ఎక్కించాలో చెప్పేవాడు ఉండడు. మీరు రిజిస్ట్రార్ అధికారానికి భయపడుతున్నారు, వకీలు సాబ్. నేను రిజిస్ట్రారే లేని కోర్టుకు భయపడుతున్నాను.

వకీలు: లేని మనిషికి భయపడేవాణ్ణి కాను నేను. మీరు ఒకణ్ణి తెచ్చి కూర్చోబెట్టండి, నేను అతని చీటీ మీద కారణం అడుగుతాను. ఎవరు నియమించారు, ఎన్నాళ్లకు, తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఈ మూడూ బోర్డు మీద రాయమంటాను.

శిరస్తాదారు: రాయించండి. అధికారం మాత్రం కోయకండి.

వకీలు: కారణం రాస్తానంటే కోయను.

శిరస్తాదారు: రాయడానికి మనుషులిస్తే రాస్తాడు.

వకీలు: చూశారా, మళ్లీ డబ్బు దగ్గరికే వచ్చాం.

శిరస్తాదారు: వస్తాం. ఆ చట్టం పుస్తకం మీ సంచిలోనే ఉంది కదా, 31వ సెక్షన్ కూడా చదవండి. మానవ హక్కుల కోర్టుకు ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలనీ, అతనికి లాయరుగా కనీసం ఏడేళ్ల అనుభవం ఉండాలనీ రాశారు. ఆ అధ్యాయం అక్కడితో అయిపోయింది. ఆ కోర్టు గుమ్మం దగ్గర దరఖాస్తు తీసుకునేవాడు ఎవరో, అతనికి ఎన్నేళ్ల అనుభవం ఉండాలో అందులో ఒక్క అక్షరం లేదు.